ఒకే ఫోను, నలుగురి గుట్టు

ఏ వెబ్‌సైట్ తెరిచినా ఈ మధ్య గుమ్మంలోనే ఒక పలక అడ్డం వస్తోంది. ‘మేము కుకీలు వాడుతున్నాము’ అంటుంది. కింద నిండు రంగులో పెద్ద బటన్, ‘అన్నీ అంగీకరించు’ అని. దాని పక్కనో కిందనో, కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప కనపడని అక్షరాల్లో ఇంకేదో ఉంటుంది. కుక్కర్లో కేకు ఎన్ని నిమిషాలు ఉంచాలో చూద్దామని ఫోను తీసిన మనిషికి ఇదంతా చదివే తీరిక ఎక్కడిది? పెద్ద బటన్ నొక్కేస్తాం. పలక పోతుంది, కేకు వస్తుంది.

బ్యాంకులో వేలిముద్ర వెయ్యమంటే ‘దేనికి నాయనా?’ అని రెండుసార్లు అడిగే మా అత్త కూడా ఈ బటన్‌ను మాత్రం ఏమీ అడక్కుండా నొక్కుతుంది. ఆమెను ఏమీ అనలేం. అడగాలంటే అదేమిటో కొంచెమైనా తెలియాలి కదా. ఇంగ్లీషులో కుకీ అంటే బిస్కెట్టు. బిస్కెట్టు పెట్టడానికి మన అనుమతి ఎందుకు అడుగుతున్నారో ఎవరికి అర్థమవుతుంది? అందుకే ఈసారి కుకీల సంగతి రాస్తున్నాను. కంప్యూటర్ చదువుకున్నవాళ్లకు ఇది తెలిసిందే. ఒకే ఫోను పొద్దున్నుంచి రాత్రి దాకా నలుగురి చేతులు మారే మా ప్యాపిలి లాంటి ఊళ్లలోని ఇళ్ల కోసం రాస్తున్నాను.

మొదట తెలుసుకోవాల్సింది ఒకటుంది. వెబ్‌సైట్‌కు తనంతట తనకు జ్ఞాపకం ఉండదు. మీరు ఒక పేజీ చూసి, రెండో పేజీకి పోతే, మీరు ఇందాకటి మనిషే అని దానికి తెలియదు. ప్రతిసారీ కొత్తగా వచ్చినట్టే. చీరల దుకాణంలో ఒక చీర పక్కన పెట్టించి, ఇంకో చీర చూద్దామని తిరిగితే దుకాణదారు ‘మీరెవరమ్మా?’ అన్నట్టు ఉంటుంది.

పండుగ ముందు పిండిమిషను దగ్గర ఎంత రద్దీగా ఉంటుందో మీకు తెలుసు. డబ్బా అక్కడ పెట్టి వస్తాం. మిషనాయన డబ్బాకు ఒక అంకె వేసి, అదే అంకె రాసిన చీటీ మన చేతికిస్తాడు. సాయంత్రం చీటీ చూపిస్తే మన పిండి మనకిస్తాడు. ఆయనకు మన ముఖం గుర్తుండాల్సిన పని లేదు. చీటీ మన దగ్గర ఉంటుంది, లెక్క ఆయన దగ్గర ఉంటుంది. కుకీ అంటే సరిగ్గా ఈ చీటీయే. వెబ్‌సైట్ ఒక చిన్న చీటీ రాసి మన ఫోనుకు ఇస్తుంది. ఫోనులోని బ్రౌజర్, అంటే క్రోమ్ లాంటిది, దాన్ని దాచిపెడుతుంది. మళ్లీ ఆ వెబ్‌సైట్‌కు పోయినప్పుడల్లా మనం చెప్పకపోయినా బ్రౌజరే ఆ చీటీ తీసి చూపిస్తుంది. బీఏ తెలుగు చదివిన పాపానికి ప్రతి మాటకూ తెలుగు వెతుక్కునే అలవాటు నాది. దీనికి నేను పెట్టుకున్న పేరు గుర్తుచీటీ.

ఈ చీటీ గురించి లేని భయాలు కొన్ని ఉన్నాయి. అది వైరస్ కాదు. వట్టి అక్షరాలు, అంకెలు. ఒక్కో చీటీలో పట్టేది సుమారు 4 కిలోబైట్లే. అది మన ఫొటోలు తెరిచి చూడలేదు, మన మాటలు వినలేదు. చాలాసార్లు అందులో ఉండేది ఒక పొడుగాటి నంబరు మాత్రమే. అయితే పిండిమిషను చీటీ మీద కూడా ఉండేది వట్టి నంబరే. ఆ నంబరు కింద అవతల పుస్తకంలో ఏమేం రాసిపెట్టుకున్నారన్నదే అసలు సంగతి.

దీన్ని కనిపెట్టినాయన పేరు లూ మాంటుల్లీ. 1994లో అమెరికాలో నెట్‌స్కేప్ అనే కంపెనీలో పనిచేసేవాడు. అప్పటికి ఇంటర్నెట్‌లో కొనుగోళ్లు ఇంకా మొదలయ్యే దశ. కొనేవాళ్లు బుట్టలో వేసుకున్న వస్తువులను గుర్తుపెట్టుకోవడం ఎట్లా అన్న సమస్యకు ఆయన చూపించిన దారి ఈ చీటీ. ప్రోగ్రామర్లు అప్పటికే ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి పంపే గుర్తును ‘మ్యాజిక్ కుకీ’ అనేవాళ్లు. ఆ పేరే దీనికీ అంటుకుంది.  మొదటి రోజుల్లో ఈ చీటీలు తమ కంప్యూటర్లో పడుతున్నాయన్న సంగతి వాడేవాళ్లకు తెలియనే తెలియదు. 1996 ఫిబ్రవరిలో ‘ఫైనాన్షియల్ టైమ్స్’ పత్రిక రాశాక గానీ నలుగురిలోకి రాలేదు. అంటే మొదటి నుంచీ ఇది మనకు చెప్పకుండా జరిగిన పనే. చెప్పడం తర్వాత వచ్చింది.

చీటీల్లో రకాలున్నాయి. కొన్ని పూట చీటీలు. బ్రౌజర్ పూర్తిగా మూసేస్తే పోతాయి. కొన్ని గడువు చీటీలు. వాటి మీద తేదీ ఉంటుంది, ఆ తేదీ దాకా ఫోనులో ఉంటాయి. క్రోమ్‌లో 2022 నుంచి ఏ చీటీకైనా గడువు 400 రోజులు దాటకూడదని హద్దు పెట్టారు. కానీ మనం ఆ సైటుకు మళ్లీ పోయినప్పుడల్లా గడువును పొడిగించుకునే వీలు వాళ్లకుంది.

దీనికన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. చీటీ ఇచ్చిందెవరు? మనం పోయిన దుకాణమే ఇస్తే అది సొంత చీటీ. మనం పోని, పేరు కూడా వినని మూడో మనిషి ఇస్తే దాన్నే థర్డ్ పార్టీ కుకీ అంటారు. తగువంతా ఈ రెండో దానితోనే.

ఇది అర్థం కావడానికి ఒక బజారును ఊహించుకోండి. ప్రతి అంగడిలోనూ గల్లాపెట్టె పక్కన ఒక స్టూలు, దాని మీద ఒకే కంపెనీకి చెందిన గుమాస్తా. అతను ఏమీ అమ్మడు. మీరు మొదటి అంగడికి పోయినప్పుడు మీ చేతిలో 17 అని ఒక చీటీ పెడతాడు. తర్వాత మందుల అంగడికి పోతే అక్కడి గుమాస్తా ఆ చీటీ చూసి ‘17వ నంబరు మోకాళ్ల నొప్పుల మందు అడిగింది’ అని రాసుకుంటాడు. బట్టల అంగడిలో ‘17వ నంబరు పట్టుచీరలు చూసింది, కొనలేదు’ అని రాసుకుంటాడు. రాత్రికి అన్ని పుస్తకాలూ ఒక్కచోట చేరతాయి. అతనికి మీ పేరు తెలియకపోవచ్చు. మీ ఇంట్లో ఎవరికి మోకాళ్ల నొప్పులో, ఎప్పుడు పెళ్లి ఉందో మాత్రం తెలుసు. వెబ్‌సైట్లలో ప్రకటనలు వేసే కంపెనీలు చేసేది ఇదే. వంటల సైటులోనూ, వార్తల సైటులోనూ, బట్టల సైటులోనూ ఒకే కంపెనీ ప్రకటన ముక్క ఉంటే, ఆ ముక్క అన్నిచోట్లా తన చీటీని తాను చదువుకుంటుంది.

చాలాసార్లు ఇది నవ్వుకునే విషయంగానే ఉంటుంది. మా ఆయన టమోటా తోటకు డ్రిప్పు పైపుల ధర ఒకసారి ఫోన్లో చూసి, డోన్‌కు పోయి అంగట్లో కొనుక్కొచ్చాడు. పైపులు మడిలో పరిచి, నీళ్లు వదిలి, కాయలు కోసే దాకా ఫోను మాత్రం ‘పైపులు కావాలా, పైపులు కావాలా’ అని వెంటపడుతూనే ఉంది. చీటీకి ఆయన చూసింది తెలుసు, డోన్‌లో కొన్నది తెలియదు. ఇంతవరకైతే పోనీలే అనుకోవచ్చు.

పోనీలే అనుకోలేని సంగతి మా వీధిలోనే జరిగింది. పేర్లు వద్దు. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడలు. ఇంట్లో ఆడవాళ్లకంతా ఒకటే ఫోను. ఆ అమ్మాయికి నెల దాటి పదిరోజులైంది. ఇంకా ఎవరికీ చెప్పలేదు, భర్తకు కూడా. నిశ్చయం చేసుకుందామని ఫోన్లో నాలుగు సైట్లు చదివింది, ఇంట్లోనే చేసుకునే పరీక్ష పట్టీ ధర చూసింది. వచ్చిన పలకల్లో అడ్డం పోవాలని పెద్ద బటన్లు నొక్కింది. రెండు రోజుల తర్వాత వాళ్ల అత్త అదే ఫోనులో పంచాంగం చూద్దామని తెరిస్తే, తిథి వారం పక్కన పసిపిల్లల బొమ్మలు. కింద గర్భిణులు తాగే పాలపొడి. ఆమెకు ఇంగ్లీషు రాదు, బొమ్మలకు ఇంగ్లీషు ఎందుకు? వెతికిన మాటలు కూడా ఫోన్లో అట్లనే ఉన్నాయి. ‘ఏమ్మే, నెల తప్పిందా?’ అని కోడల్ని అడిగింది. ఆమె సంతోషం ఆమెది. పాయసం చేసింది, చెల్లెలికి ఫోను చేసింది. సాయంత్రానికి డోన్‌లో, గుత్తిలో ఉన్న చుట్టాలందరికీ తెలిసిపోయింది.

పన్నెండు రోజులకు అది నిలవలేదు.

ఎవరికీ తెలియకముందు తెలుసుకుని, ఎవరికీ తెలియకుండానే ఏడ్చి ఊరుకోవాల్సిన బాధను, ఆ అమ్మాయి ఇరవైమందికి జవాబు చెప్పుకుంటూ పడింది. ‘ఏం తిన్నావు, ఏం బరువు ఎత్తినావు’ అని అడిగినవాళ్లే అంతా. ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చి కూర్చుని అడిగింది: ‘అక్కా, నేను ఎవరికీ చెప్పలేదు. ఫోను ఎట్ల చెప్పింది?’

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. నా చిన్నప్పుడు ఊళ్లో చదువు రానివాళ్లకు ఉత్తరాలు చదివిపెట్టే మనుషులుండేవాళ్లు. ఎవరింట్లో అప్పు ఉందో, ఎవరి కూతురు పుట్టింటికి రావాలనుకుంటోందో వాళ్లకు తెలుసు. చదివిపెట్టేవాళ్లు, విన్నది అక్కడే మర్చిపోయేవాళ్లు. ఆ మాట అరుగు దాటేది కాదు. పక్కవాడి ఉత్తరం చించి చదవడం తప్పని చదువు లేనివాళ్లకూ తెలుసు. ఇప్పుడు మన ఉత్తరాలు చదువుతున్నవాటికి అరుగూ లేదు, ఆ మర్యాదా లేదు. ఎవరి చేతిలో ఫోనుందో కూడా దానికి తెలియదు. ఒక ఫోను అంటే ఒక మనిషి అనుకుంటుంది. పడమటి దేశాల్లో మనిషికొక ఫోను అన్న లెక్కతో చేసిన ఏర్పాటిది. అత్త, కోడలు, పదో తరగతి పిల్లోడు అందరూ కలిసి ఒక్క నంబరైపోయే ఇళ్లను వాళ్లు ఊహించలేదు. ఇంట్లో అందరం ఒకటే అన్నది మంచి మాటే, కానీ అందరి గుట్టూ ఒకటే కాదు. ఎప్పుడు చెప్పాలి, ఎవరికి ముందు చెప్పాలి అన్నది ఆ అమ్మాయి చేతిలో ఉండాల్సిన విషయం. అది ఆమె చేతిలోంచి జారిపోయింది.

ఆ రోజు ఇద్దరం కూర్చుని ఆ ఫోనులో చేసిన పనులు చెప్తాను. ఎక్కువ ఫోన్లలో ఉండే క్రోమ్ లెక్కన చెప్తున్నాను. వెర్షన్‌ను బట్టి మాటలు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

మొదటిది, మూడో మనిషి చీటీలను ఆపడం. క్రోమ్ తెరిచి పక్కనున్న మూడు చుక్కలు నొక్కాలి. సెట్టింగ్స్, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో థర్డ్ పార్టీ కుకీస్. అక్కడ బ్లాక్ అన్నది ఎంచుకోవాలి. అంతే, స్టూలు మీది గుమాస్తాలకు చీటీ ఇచ్చే వీలు తగ్గిపోయింది. యాపిల్ వాళ్ల సఫారీ 2020 నుంచి వీటిని తనంతట తానే ఆపేస్తుంది. ఫైర్‌ఫాక్స్ 2019 నుంచే వెంటపడే కుకీలను అడ్డుకుంటోంది. క్రోమ్ కూడా తీసేస్తామని గూగుల్ 2020లో చెప్పింది, వాయిదాలు వేస్తూ వచ్చింది, 2024లో ఆ ఆలోచన మానుకుంది. కాబట్టి క్రోమ్ వాడేవాళ్లు ఆ పని తమ చేత్తోనే చేసుకోవాలి. ఒకసారి చేస్తే చాలు.

రెండోది, ఇప్పటికే పేరుకున్న చీటీలను ఊడ్చెయ్యడం. మళ్లీ మూడు చుక్కలు, డిలీట్ బ్రౌజింగ్ డేటా. ఎంతకాలానివి తీసెయ్యాలో అడుగుతుంది. కుకీస్ అండ్ సైట్ డేటా అన్నచోటా, బ్రౌజింగ్ హిస్టరీ అన్నచోటా టిక్కు పెట్టాలి. సేవ్డ్ పాస్‌వర్డ్స్ అని ఒకటుంటుంది, దాని జోలికి పోవద్దు. అది టిక్కు పెడితే దాచుకున్న పాస్‌వర్డులు కూడా పోతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చీటీలన్నీ చెడ్డవని రోజూ ఊడ్చేస్తే మనకే కష్టం. పిండిమిషను చీటీ చించేసుకుని సాయంత్రం పిండి అడిగినట్టవుతుంది. లాగిన్ అయి ఉన్న సైట్లలో చాలావాటి నుంచి బయటపడతాం, మళ్లీ పాస్‌వర్డు, మళ్లీ ఓటీపీ. తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే పూట అందరికన్నా ముందే లాగిన్ అయి కాచుకుని ఉంటాం కదా, మనల్ని ఆ లాగిన్‌లో నిలబెట్టేది ఇట్లాంటి చీటీయే. బస్సులో ఎంచుకున్న సీటు, బుట్టలో వేసుకున్న సామాను, సైటు తెలుగులో కనపడాలని పెట్టుకున్న ఎంపిక, ఇవన్నీ గుర్తుండేది కూడా ఎక్కువగా వీటివల్లే. అందుకే ఒక్క సైటువి మాత్రమే తీసెయ్యాలనుకుంటే సైట్ సెట్టింగ్స్‌లో ఆల్ సైట్స్ అని ఉంటుంది. ఆ సైటు పేరు వెతికి, దాని డేటా మాత్రం డిలీట్ చెయ్యొచ్చు. బియ్యంలో రాళ్లు ఏరుతాం గానీ బియ్యం పారబోయం కదా.

మూడోది, గుట్టుగా చూసుకోవాల్సినవి గుట్టుగా చూసుకోవడం. మూడు చుక్కల్లోనే న్యూ ఇన్‌కాగ్నిటో ట్యాబ్ ఉంటుంది. టోపీ, కళ్లద్దాల బొమ్మతో నల్లటి పేజీ వస్తుంది. అందులో చూసినవి హిస్టరీలో ఉండవు. ఆ ట్యాబులన్నీ మూసెయ్యగానే వాటి చీటీలు కూడా పోతాయి. ‘అన్నీ’ మూసెయ్యాలి, ఒక్కటి మిగిలినా పని సగమే. ఇది మాయకంబళి కూడా కాదు. ఇంట్లో తర్వాత ఫోను పట్టుకునేవాళ్ల నుంచి దాస్తుంది గానీ, మనం చూసిన సైటు నుంచి, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ నుంచి దాచదు. అందులో మన పేరుతో లాగిన్ అయితే మనమెవరో మనమే చెప్పినట్టు. దింపుకున్న ఫైళ్లు ఫోన్లోనే ఉంటాయి. ఆ అమ్మాయికి కావాల్సింది మాత్రం ఇదే. ఆరోగ్యం, అప్పు, కోర్టు, సంబంధాలు, ఇట్లాంటివి చూసేటప్పుడు ఇంట్లో ఎవరైనా వాడుకోదగ్గ గది ఇది. దాన్ని వాడినంత మాత్రాన తప్పు చేస్తున్నారని కాదు. తలుపు వేసుకుని బట్టలు మార్చుకునే మనిషిని ఏం దాస్తున్నావని అడుగుతామా?

నాలుగోది కుకీలకు చెందింది కాదు, కానీ దాని చెల్లెలే. బ్రౌజర్‌లో కాకుండా యాప్‌లలో మనల్ని గుర్తుపట్టడానికి ఆండ్రాయిడ్ ఫోనుకు అడ్వర్టైజింగ్ ఐడీ అని ఒక నంబరుంటుంది. ఫోను సెట్టింగ్స్‌లో గూగుల్ లేదా ప్రైవసీ అన్నచోట యాడ్స్ అని ఉంటుంది, అందులో ఆ ఐడీని డిలీట్ చెయ్యొచ్చు. కుకీలు ఆపినా యాప్‌లలో ప్రకటనలు ఎందుకు వెంటపడుతున్నాయని అడిగేవాళ్లకు జవాబు ఇది. ఇవన్నీ చేసినా ప్రకటనలు రావడం ఆగదు. ఎవరికైనా చూపించే ప్రకటన వస్తుంది, మన కడుపులో మాట కనిపెట్టి చూపించేది తగ్గుతుంది.

ఐదోది ఇంటి బయట. సర్టిఫికెట్లకు, పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు, పరీక్ష దరఖాస్తులకు నెట్ సెంటర్‌కు పోతాం. అక్కడి కంప్యూటర్లో మన మెయిల్ తెరిచి, పని కాగానే కిటికీ మూసి లేచి వస్తాం. కిటికీ మూస్తే లాగిన్ పోదు, చీటీ ఆ కంప్యూటర్లోనే ఉండిపోవచ్చు. తర్వాత కూర్చున్నవాళ్లు అదే సైటు తెరిస్తే మన పాస్‌వర్డు లేకుండానే మన మెయిల్లో ఉంటారు. లాగిన్ చీటీ చేతిలో ఉంటే పాస్‌వర్డు, ఓటీపీ రెండూ అడగదు, మోసగాళ్లు దాన్ని దొంగిలించాలని చూసేది అందుకే. నెట్ సెంటర్లో లాగౌట్ నొక్కి, మళ్లీ లాగిన్ అడుగుతోందా అని చూసి, అప్పుడు లేవండి. పిల్లలకు ఇది ఒక్కటైనా నేర్పండి.

ఇక గుమ్మంలో అడ్డం నిలబడే ఆ పలక. అది యూరప్ చలవ. మనిషి ఒప్పుకోకుండా అవసరం లేని చీటీలు పెట్టకూడదని అక్కడ చట్టాలున్నాయి. 2018 మే 25 నుంచి అమల్లోకి వచ్చిన జీడీపీఆర్‌తో ఒప్పుకోలు ఎట్లా ఉండాలో ఇంకా గట్టిగా చెప్పారు. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి ఒప్పుకోలు కిందికి రాదని యూరప్ న్యాయస్థానం 2019 అక్టోబరులో తీర్పిచ్చింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, కాదనడానికి అంతకన్నా ఎక్కువ నొక్కులు పెట్టారని ఫ్రాన్సులో సమాచార రక్షణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసింది. 2022 జనవరిలో ఆ సంగతి ప్రకటించింది. కాదనడాన్ని ఒప్పుకోవడం కన్నా కష్టం చెయ్యడం తప్పని, ఒక దేశం డబ్బు కట్టించి మరీ చెప్పింది. కాబట్టి పలక వచ్చినప్పుడు ఆ చిన్న అక్షరాలను ఒక్క క్షణం వెతకండి. రిజెక్ట్ ఆల్ అని ఉంటే నొక్కండి. మేనేజ్ అనో, ప్రిఫరెన్సెస్ అనో ఉంటే లోపలికి పోయి ‘తప్పనిసరి’ అన్నవి మాత్రం ఉంచండి. కాదన్నంత మాత్రాన కేకు పేజీ సాధారణంగా ఎక్కడికీ పోదు.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలు వచ్చాయి. కంపెనీల మీది ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారు. ఆ చట్టం కుకీ అన్న పేరుతో కాక, వ్యక్తిగత సమాచారం అన్న మాటతో మాట్లాడుతుంది. అందులో మనలాంటివాళ్లకు పనికొచ్చేవి మూడున్నాయి. ఒకటి, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులువుగా ఉండాలి. రెండు, 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి, కొన్ని మినహాయింపులు తప్పిస్తే పిల్లల వెంటపడి ప్రకటనలు చూపించకూడదు. మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైంది. మన సమాచారం దేనికి తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. ఆ 22 భాషల్లో మన తెలుగు ఉంది.

అయితే తెలుగు లిపిలో ఉన్నదంతా తెలుగు కాదు. ‘మీ అనుభవాన్ని మెరుగుపరచుటకు మేము కుకీలను ఉపయోగించుచున్నాము’ అన్నది మా అత్తకు ఇంగ్లీషు కిందే లెక్క. అంగీకారం వేరు, సమ్మతి వేరు అని మాకు కాలేజీలో మాటల తేడా చెప్పిన మాస్టారు ఒకాయన ఉండేవారు. గత్యంతరం లేక ఊ అన్నా అంగీకారమే. మనసు కలిస్తేనే సమ్మతి, ఆ మాటలోనే ‘మతి’ ఉంది అనేవారు. ఇప్పుడు మనం నొక్కుతున్నవన్నీ మతి లేని సమ్మతులే.

ఆ నోటీసు నన్ను రాయమంటే ఇట్లా రాస్తాను: ‘అమ్మా, మీ ఫోనులో రెండు రకాల చీటీలు పెడతాం. మొదటిది మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి. అది లేకపోతే మీ లాగిన్ నిలవదు. రెండోది మీరు ఇక్కడ ఏం చూశారో ప్రకటనల కంపెనీలకు చెప్పడానికి. అది లేకపోయినా మీ పని ఆగదు. ఈ ఫోను ఇంట్లో ఇంకెవరైనా వాడితే, మీరు చూసినవాటికి చెందిన ప్రకటనలు వాళ్లకు కనపడతాయి. రెండోది వద్దంటే ఇక్కడ నొక్కండి.’ రెండు బటన్లూ ఒకే సైజు, ఒకే రంగు. ఇంతే. ఇది చదివితే మా అత్త అడగాల్సిన ప్రశ్న అడుగుతుంది. ఆ అమ్మాయి వద్దు అని నొక్కి ఉండేది.

అట్లాంటి నోటీసు వచ్చే దాకా పని మనదే. ఈ ఆదివారం ఇంట్లో అందరి చేతులు మారే ఆ ఫోను తీసుకుని, ముందు చెప్పిన మొదటి పని ఒక్కటి చెయ్యండి. రెండు నిమిషాలు పడుతుంది. చేసేటప్పుడు కోడలినో, కూతురినో, అత్తనో పక్కన కూర్చోబెట్టుకోండి. టోపీ, కళ్లద్దాల బొమ్మ ఎక్కడుందో వాళ్లకు చూపించండి. ఎందుకు కావాలి అని మాత్రం అడగొద్దు.